పచ్చ టిక్కు

నర్సుల గది, ఆసుపత్రి
సోమవారం

తమ్ముడూ,

దీవెనలు చివర్లో పెడతాను, ముందు తిట్లు. నువ్వు పనిచేసే కంపెనీ మా ఆసుపత్రికి అంటగట్టిన ఆ సాఫ్ట్‌వేర్ నా కొంప ముంచింది. ఫోన్ చేస్తే "అది కాదక్కా, అది కాదక్కా" అని మధ్యలో అడ్డం పడతావు. కాగితానికి అడ్డం పడలేవు కదా, అందుకే రాస్తున్నాను.

పోయిన వారం ఒకరోజు మధ్యాహ్నం మా వార్డుకి ఒకావిడని తెచ్చారు. బట్టలు కుడుతుందట, మిషను మీదే వాలిపోయింది. స్పృహ లేదు. తెచ్చినవాళ్ళకి ఆవిడ పేరు కూడా తెలియదు. అలాంటివాళ్ళకి ఎమర్జెన్సీలో ఒక తాత్కాలిక నంబరు ఇస్తారు. ఆ నంబరు మీదే రక్తం తీసి ల్యాబ్‌కి పంపాం. పొటాషియం చూడాలన్నారు డాక్టరు. అది హద్దు దాటితే గుండె ఆగిపోతుంది. దాటిందని తెలిస్తే మాత్రం మందుంది, ఎక్కించేస్తాం.

రిజల్టు రాలేదు. తెర ముందు కళ్ళల్లో వత్తులేసుకుని కూర్చున్నాను. ల్యాబ్‌కి ఫోన్ చేస్తే "ఎప్పుడో పంపేశాం సిస్టర్, మాకు పచ్చ టిక్కు కూడా వచ్చేసింది" అన్నారు. పచ్చ టిక్కు పడితే మాకు చేరినట్టేనట. పోనీ ఎంతో నోటితో చెప్పండంటే చెప్పరు. మీ సాఫ్ట్‌వేర్ వచ్చాక నోటితో చెప్పకూడదు, చీటీ రాసివ్వకూడదు, అంతా తెర మీదే చూడాలని రూలు పెట్టారు. డాక్టరు వచ్చి అడిగితే "ఇంకా రాలేదు సార్" అన్నాను. ఆయన ఇంకో పేషెంటు దగ్గరికి వెళ్ళారు. ఈలోగా ఆవిడ గుండె ఆగిపోయింది. ఎంత చేసినా మళ్ళీ కొట్టుకోలేదు.

ఆవిడ భర్త అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు, చేతిలో పాత ఆసుపత్రి కార్డు. కబురు తెలిసి ఇంటికెళ్ళి అది వెతికి, కింద రిజిస్ట్రేషన్‌లో చూపించి, వార్డు వెతుక్కుంటూ వచ్చాడట. "కార్డు దొరికిందండీ" అన్నాడు నాతో.

ఇప్పుడు విచారణ. రిజల్టు వార్డుకి టైముకే వచ్చిందని, నేనే చూడలేదని అంటున్నారు. నిర్లక్ష్యమని తేల్చారంటే ఈ ఉద్యోగం పోవడంతో సరిపోదు, నర్సుగా ఇంకెక్కడా గడప తొక్కనివ్వరు. నాకు ఇంకో పని రాదురా, నేర్చుకోవాలని కూడా లేదు.

ఆ రిజల్టు ఎక్కడికి పోయిందో నువ్వే చూసి చెప్పాలి. వేళకి తిను. ఇవిగో దీవెనలు.

అక్క

---

ఆఫీసు, కిటికీ పక్క సీటు
గురువారం

అక్కా,

నీ ఉత్తరం అందినప్పటినుంచీ అదే పని మీద ఉన్నాను. పేషెంటు వివరాలు, విలువలు మాకు కనబడవు, చుక్కలు చుక్కలుగా మూసేసి ఉంటాయి. ఏ శాంపిల్ ఎప్పుడు వచ్చింది, చేరిందా లేదా అన్నది మాత్రం కనబడుతుంది. నువ్వు చెప్పిన శాంపిల్ డేటాబేస్‌లో దొరికింది. దాని ఎదురుగా "చేరింది" అని ఉంది. టైము కూడా ల్యాబ్‌వాళ్ళు పంపినప్పటిదే.

కోప్పడకుండా విను. ఆ రోజు వార్డు నిండా మనుషులు. ఒకవేళ తెర మీద వేరే పేజీ తెరిచి ఉందేమో, నువ్వు మళ్ళీ లోడ్ చేయలేదేమో. అలసిపోయినప్పుడు ఎవరికైనా జరుగుతుంది. తప్పు నీదని అనడం లేదు. మా వైపు మాత్రం అంతా బాగానే ఉంది.

విచారణలో వాదనకి దిగకు, పని ఒత్తిడి అని చెప్పు. శిక్ష తగ్గుతుంది. బావని అడిగానని చెప్పు.

తమ్ముడు

---

ఇల్లు, వంటగది
ఆదివారం

ఒరేయ్,

నువ్వు కూడానా?

విచారణ చేసే పెద్దమనిషి అన్న మాటలే, ఒక్క అక్షరం పోకుండా. "అలసిపోయి ఉంటారు సిస్టర్." ఆయన అంటే అరికాలి మంట నెత్తికెక్కింది. నువ్వు రాస్తే ఏడుపొచ్చింది, అంతే తేడా. నీ వైపు అంతా బాగానే ఉందా? సంతోషం. నా వైపే మనిషి పోయింది.

తెర ఎలా చూడాలో నాకు తెలుసు. నిమిషానికోసారి లోడ్ చేశాను. పక్క బెడ్ పేషెంటు రిజల్టు వచ్చింది, ఎదుటి బెడ్‌ది వచ్చింది, ఆవిడది ఒక్కటే రాలేదు. ఇంకో సంగతి చెప్తాను, నువ్వు నమ్మినా మానినా సరే. ఆవిడ గుండె ఆగాక డాక్టరు కేకలేస్తే నేను ల్యాబ్‌కి పరిగెత్తాను. అక్కడి టెక్నీషియన్ నా మొహం చూసి భయపడి "మళ్ళీ పంపు" అన్న బటన్ నొక్కింది. నేను తిరిగొచ్చేసరికి రిజల్టు తెర మీద తాపీగా కూర్చుని ఉంది. అంతకుముందు ఎక్కడ తిరిగొచ్చిందో దానికే తెలియాలి.

ఈ మాట విచారణలో చెప్తే, "మళ్ళీ పంపినట్టు రికార్డులో లేదే" అన్నారు. టెక్నీషియన్‌ని పిలిచారు. పాపం, పచ్చ టిక్కు పడ్డాక మళ్ళీ పంపడం రూలు దాటినట్టవుతుందని నీళ్ళు నమిలింది. దాన్ని తప్పుపట్టను, దానికీ ఇల్లుంది.

బావ అన్నం పెట్టుకుని నా పక్కన కూర్చుంటాడు, అంతే. నువ్వు కూడా నన్ను నమ్మకపోతే నాకు చెప్పుకునే దిక్కు లేదు.

అక్క

---

ఆఫీసు
బుధవారం

అక్కా,

నన్ను నాలుగు తన్ను. నువ్వు చెప్పిందే నిజం. ఎలా జరిగిందో దొరికింది. నువ్వు "మళ్ళీ పంపు" అన్న మాట రాయకపోతే ఈ జన్మకి దొరికేది కాదు.

మా సాఫ్ట్‌వేర్ మధ్యలో పోస్ట్‌మ్యాన్ అనుకో. ల్యాబ్ ఇచ్చిన కవరు చేతిలో పడగానే పచ్చ టిక్కు కొట్టేస్తాడు. ఇంటికి చేర్చడం ఆ తర్వాతి మాట. మామూలుగా రెప్పపాటులో చేర్చేస్తాడు కనక ఎవరూ పట్టించుకోలేదు. ఆ రోజు ఆవిడ భర్త సరిగ్గా అదే సమయానికి కార్డు తెచ్చాడు. రిజిస్ట్రేషన్‌వాళ్ళు తాత్కాలిక నంబరుని పాత నంబరులో కలిపేశారు. కవరు మీదున్న నంబరు మూతపడింది. మావాడు కవరుని పక్కన పెట్టి "పెండింగ్" అని రాసుకున్నాడు. ఆ పెండింగ్‌లు చూసే మనిషి ఎవరూ లేరు. అందరూ పచ్చ టిక్కే చూస్తారు.

మరి నాకెందుకు కనబడలేదంటావా? నువ్వు వెళ్ళి మళ్ళీ పంపించేసరికి నంబర్లు కలపడం అయిపోయింది కనక కవరు పాత నంబరుకి చేరిపోయింది. కానీ అది అదే శాంపిల్. అందుకని డేటాబేస్‌లో కొత్త వరస పుట్టదు, పాత వరస మీదే రాసేస్తుంది. "పెండింగ్" పోయి "చేరింది" అవుతుంది. టైము మాత్రం మొదటిదే ఉండిపోతుంది. అందుకే ఎవరు చూసినా టైముకే చేరినట్టు కనిపిస్తుంది.

పరిగెత్తుకుంటూ మా లీడ్‌కి చెప్పాను. "చూపించు" అన్నాడు. అక్కడే వచ్చింది చిక్కు. టెస్ట్ సిస్టంలో ఎంత ప్రయత్నించినా జరగడం లేదు. అందులో పేషెంట్లందరూ మేం కల్పించినవాళ్ళు. ఒక్కడూ స్పృహ తప్పడు, ఒక్కరి మొగుడూ కార్డు కోసం ఇంటికి పరిగెత్తడు. రెండు కంప్యూటర్లు ముందు పెట్టుకుని రెండు చేతులతో ఒకేసారి నొక్కాను. పిల్లిలా బుద్ధిగా పనిచేస్తుంది. పక్క సీట్లవాళ్ళు నవ్వుతున్నారు.

కోడ్ మార్చాలంటే మా కంపెనీ, ల్యాబ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ, మీ ఆసుపత్రి ముగ్గురూ ఒప్పుకోవాలి. కళ్ళతో చూస్తే తప్ప ఒప్పుకోమంటున్నారు. మీ విచారణ పెద్దమనిషికి ఫోన్ చేశాను. "మీరు ఆవిడ తమ్ముడు కదండీ, మీ మాట ఎలా తీసుకుంటాం? మా కంప్యూటర్ ఆఫీసరూ మీ లీడూ ఇద్దరూ చూస్తుండగా తెర మీద చూపించండి, విచారణ ఆపేస్తాను" అన్నాడు. పేషెంట్ల సమాచారం కనక కాపీ తీయకూడదట.

బతిమాలి ఒకటి సాధించాను. గంటకోసారి డేటాబేస్‌లోకి తొంగి చూసి, పెండింగ్‌లో ఏదైనా చిక్కితే నాకు గంట కొట్టే చిన్న ప్రోగ్రాం. అంతకన్నా తరచుగా చూస్తే డేటాబేస్ బరువెక్కుతుందని ఒప్పుకోలేదు. పెట్టేశాను. ఒక్కటి చిక్కితే చాలు.

తమ్ముడు

---

నర్సుల గది
శనివారం

తమ్ముడూ,

నీ ఉత్తరం బావకి చదివి వినిపించాను. "వీడు చిన్నప్పుడు రేడియో విప్పి మళ్ళీ బిగించలేకపోయాడు, ఇంత ఎలా ఎదిగాడు?" అన్నాడు. చాలా రోజులకి ఇంట్లో నవ్వు వినబడింది.

విచారణ తేలేదాకా నన్ను వార్డులోనే ఉంచారు, ఇంకో నర్సు దొరక్క. నేను ఊరుకోలేదు. తాత్కాలిక నంబరుతో ఎవరొచ్చినా రక్తం పంపిన కాసేపటికి లేచి ల్యాబ్‌కి నడుస్తాను. నేను లేనప్పుడు జూనియర్ పిల్లలు వెళ్తారు. మెట్లు దిగి, ఎక్స్‌రే గది దాటి, పొడుగాటి నడవా. కాళ్ళు అరిగిపోతున్నాయి. టెక్నీషియన్ మమ్మల్ని చూడగానే మాట్లాడకుండా మళ్ళీ నొక్కుతుంది. అలా ఇప్పటికే రెండుమూడు రిజల్టులు తప్పిపోయి దొరికాయి. వాటిలో ఒకటి ఒక ముసలాయనది, చక్కెర పూర్తిగా పడిపోయింది. టైముకి గ్లూకోజ్ ఎక్కించాం. లేచి కూర్చుని నన్నే "ఎవరమ్మా నువ్వు" అని దబాయించాడు.

అవి నీ గంటకి చిక్కే ఉంటాయి కదా? ఆఖరి విచారణ దగ్గర పడుతోంది. తొందరగా చూపించు నాయనా.

అక్క

---

ఆఫీసు
మంగళవారం

అక్కా,

ఒక్కటీ చిక్కలేదు. గంట ఒక్కసారి కూడా మోగలేదు. నీ ఉత్తరం చదివాకే ఎందుకో అర్థమైంది.

నా ప్రోగ్రాం గంటకోసారి చూస్తుంది. మీరు అంతకన్నా ముందే వెళ్ళి మళ్ళీ నొక్కించేస్తున్నారు. మీరు నొక్కించిన మరుక్షణం పెండింగ్ చెరిగిపోతుంది. నేను చూసేసరికి అన్నీ "చేరింది", "చేరింది". మీ ఆసుపత్రిలో మిగతా వార్డులకి తాత్కాలిక నంబర్లవాళ్ళు రానే రారు, అందరూ మీ దగ్గరికే. అంటే నిన్ను కాపాడే ఒక్క రుజువుని నువ్వే నీ కాళ్ళతో నడిచి వెళ్ళి తుడిపేస్తున్నావు.

ఎలా అడగాలో తెలియడం లేదు. కొన్ని రోజులు ల్యాబ్‌కి వెళ్ళకండి. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి గంటసేపు పెండింగ్‌లో ఉండనివ్వు. అన్ని రిజల్టులూ ప్రాణం మీదికి వచ్చేవి కావు కదా, చాలామటుకు మామూలువే ఉంటాయి. నీకు తెలియనిదా?

నీ ఉద్యోగం పోతే నేను చూస్తూ ఉండలేను.

తమ్ముడు

---

నర్సుల గది
గురువారం

తమ్ముడూ,

ఏది మామూలుదో, ఏది కాదో రిజల్టు వచ్చాకే తెలుస్తుంది. రాకముందు అన్నీ ఆ దర్జీ ఆవిడవే.

నేను నడుస్తాను. ఈ మాట మళ్ళీ అడగకు. నీ మీద కోపం లేదు.

అక్క

---

ఆఫీసు
సోమవారం

అక్కా,

కోపం లేదన్నావు, నాకుంది. నువ్వు తప్పుకుంటే ఆ వార్డులో ఎవరు నడుస్తారు? నిన్ను పంపేశాక రేపు వచ్చేవాళ్ళ సంగతేమిటి? లోపం బయటపడితేనే కదా అందరికీ మేలు. లెక్క వేసి చూడు, నాదే కరెక్టని నీకే తెలుస్తుంది.

మా లీడ్ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఆయన ఇంకో కంపెనీ మీదికి తోశాడు, వాళ్ళు మీ ఆసుపత్రి మీదికి తోశారు, మీవాళ్ళు తిప్పి మా మీదికి. గోడకి చెప్పుకున్నా కాస్త బదులొస్తుందేమో. కంప్లయింటు పెట్టిన ప్రతిసారీ "పరిష్కరించబడినది" అని మెయిల్ వస్తుంది.

ఏం చేయాలో తోచడం లేదక్కా.

తమ్ముడు

---

దుప్పట్ల స్టోరు, నేలమాళిగ
శుక్రవారం

తమ్ముడూ,

పై చిరునామా చూశావుగా. నిర్లక్ష్యం అని రాశారు. ఆఖరి సంతకం పై కమిటీ పెట్టాలి, అది పడేదాకా నన్ను పేషెంట్ల ముఖం చూడనివ్వకుండా ఇక్కడ పడేశారు. దుప్పట్లు మడతపెట్టి వార్డులకి పంపుతాను. ఇవి తప్పిపోవు, మోసుకెళ్ళేవాడు కనబడతాడు.

హెడ్ సిస్టర్ నా ఎదుటే జూనియర్ పిల్లలకి చెప్పింది. "సిస్టం బాగానే ఉందని తేలింది. ఇక ల్యాబ్ చుట్టూ తిరగడాలు ఆపండి. రూలు దాటితే మీకూ ఇదే గతి." పిల్లలు బిక్కమొహాలు వేశారు. నేను గట్టిగా అరిచాను. సిగ్గు విడిచి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. హెడ్ సిస్టర్ తల తిప్పుకుని వెళ్ళిపోయింది. తర్వాత ఒక పిల్ల స్టోరుకి వచ్చి "మీరు చెప్పినట్టే చేద్దామని ఉందక్కా, కానీ భయమేస్తోంది" అని ఏడ్చింది. వెళ్ళమని ఎలా చెప్పను? వెళ్ళవద్దని మాత్రం ఎలా చెప్పను?

పైన స్ట్రెచర్ చక్రాల చప్పుడు వినబడినప్పుడల్లా చేతిలో దుప్పటి అలాగే ఉండిపోతుంది. వచ్చినవాళ్ళకి కార్డు ఉందో లేదో అనుకుంటాను.

అక్క

---

ఆఫీసు
బుధవారం

అక్కా,

దొరికింది! దొరికిందక్కా! తొందరలో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువు.

ఇవాళ మధ్యాహ్నం గంట మోగింది. తెర చూస్తే పెండింగ్! మీ వార్డుదే. తాత్కాలిక నంబరు, నంబర్లు కలిపేసిన గుర్తు, పచ్చ టిక్కు, అన్నీ ఒకే వరసలో, నేను నీకు రాసింది రాసినట్టు. గుండె ఆగినంత పనైంది. మా లీడ్ మీటింగ్‌లో ఉంటే తలుపు తోసుకుని వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఆయన కళ్ళతో చూశాడు. మీ కంప్యూటర్ ఆఫీసర్‌కి ఫోన్ చేస్తే ఆయన భోజనానికి వెళ్ళాడట. వేరే నంబరు పట్టుకుని, బతిమాలి, తిరిగి ఆఫీసుకి రప్పించి, లాగిన్ అయ్యేదాకా లైన్లోనే ఉన్నాను. పాస్‌వర్డ్ మర్చిపోయాడు మహానుభావుడు! అంతసేపూ నేను తెరకి దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నాను, ఇప్పుడెవరూ ల్యాబ్‌కి వెళ్ళకూడదు దేవుడా, ఈ వరస చెరిగిపోకూడదు అని. ఎవరూ వెళ్ళలేదు. ఆయన చూశాడు. "అవునండీ, ఉంది" అన్నాడు. ఇద్దరూ అక్కడికక్కడే విచారణకి మెయిల్ పెట్టారు.

అదవగానే మీ వార్డుకి ఫోన్ చేసి, ఫలానా శాంపిల్ మళ్ళీ పంపించుకోండని చెప్పాను. ఎవరో పిల్ల ఎత్తింది, చాలా కంగారుగా ఉంది, సరే సరే అని పెట్టేసింది.

అక్కా, నువ్వు గెలిచావు. బావకి చెప్పు, రేడియో బిగించేశానని.

నీ తమ్ముడు

---

నర్సుల గది
ఆదివారం

తమ్ముడూ,

నన్ను వార్డులోకి తీసుకున్నారు. విచారణ మూసేశారు, రాసిన మాట కొట్టేశారు. కోడ్ మారుస్తారట, మీ కంపెనీ, ల్యాబ్ కంపెనీ, మావాళ్ళు ముగ్గురూ కూర్చున్నారట. హెడ్ సిస్టర్ నా భుజం మీద చెయ్యి వేసి "ఏమీ అనుకోకు" అంది. అన్నీ నువ్వు కోరుకున్నట్టే జరిగాయి.

ఆ రోజు వచ్చినాయన బస్సు డ్రైవరు. ఆయనకీ పొటాషియమే. నీ ఫోను వచ్చేసరికే గుండె ఆగింది. ఆ పిల్ల కంగారు అందుకే. ఒక చేత్తో ఫోను ఎత్తింది, రెండో చెయ్యి ఆయన ఛాతీ మీదే ఉంది. మళ్ళీ కొట్టుకుంది, బతికాడు. కళ్ళు తెరిచి చూస్తున్నాడు కానీ ఎవరినీ గుర్తుపట్టడం లేదు. పడతాడో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు.

గంట మోగగానే నువ్వు ఫోన్ చేసి ఉంటే ఆగేది కాదేమో. చేసినా ఆగేదేమో. అది నాకూ తెలియదు, నీకూ తెలియదు. లోపల ఏముందో నీకు కనబడదని నాకు తెలుసు. ఆ పని చేయకపోతే రేపు ఇంకొకరు పోయేవారని కూడా తెలుసు. ఇవన్నీ నేనే నాకు చెప్పుకున్నాను, నీ తరఫున, పదేపదే.

నీకు థాంక్స్ రాద్దామని కూర్చున్నాను, చెయ్యి కదలడం లేదు. తిడదామన్నా నోరు రావడం లేదు. నా కోసమే కదరా చేశావు. అదే నన్ను తినేస్తోంది. కొన్నాళ్ళు రాయను, ఏమీ అనుకోకు.

ఇవాళ ఆయనకి పక్క మారుస్తుంటే ఆయన భార్య వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. హెడ్ సిస్టర్ చెప్పిందట. "ఎక్కడో ఆఫీసులో కూర్చుని కనిపెట్టి, ఫోన్ చేసి మా ఆయన్ని బతికించింది మీ తమ్ముడేనటగా అమ్మా" అని ఏడ్చింది.

అవునన్నాను.

అక్క